పాల కేంద్రం యాప్: కోడ్ మారగానే తెర మారితే దక్కేదేమిటి

చిత్తూరు దారిలో, పూతలపట్టు వైపు ఒక పల్లెలోని పాల సేకరణ కేంద్రానికి మేము యాప్ రాశాం. మా ఆఫీసు తిరుపతిలో. పని చూడ్డానికి చిన్నదే. పొద్దున, సాయంత్రం పాలు పోసేవాళ్ళ నంబరు, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో కొవ్వు కాని ఘనపదార్థాలు) ఎక్కించాలి. రేటు లెక్కకట్టి చేతికి స్లిప్ ఇవ్వాలి. పదిహేను రోజులకోసారి బిల్లు తీయాలి. నెట్ లేకపోయినా ఏదీ ఆగకూడదు.

దీన్ని క్లోజర్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశాం. కోడ్ సేవ్ చేయగానే, నడుస్తున్న యాప్ ఆగకుండా కొత్త రూపంలోకి మారిపోతుంది. ఇలాంటి లైవ్ ప్రివ్యూ వల్ల డెవలపర్ టైమ్ మిగులుతుందని అందరూ చెబుతారు, అది నిజమే. కానీ మాకు దక్కిన పెద్ద లాభం వేరు. యాప్ వాడే మనిషి పక్కన కూర్చుని, ఆ మనిషి నోట వచ్చిన మాటను అప్పటికప్పుడు తెరమీద పెట్టి చూడగలిగాం. అలా చూడాలంటే కోడ్‌ను మొదటినుంచీ ఒక పద్ధతిలో పెట్టుకోవాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. లిస్ప్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో 1960ల నుంచీ ప్రోగ్రామ్ నడుస్తుండగానే దానితో మాట్లాడే అలవాటు ఉంది. 1970లలో జిరాక్స్ పార్క్ అనే పరిశోధనా కేంద్రంలో పుట్టిన స్మాల్‌టాక్ భాషలో తెరమీద కనిపించే విండోను, మెనూను యాప్ నడుస్తుండగానే విప్పి మార్చేవాళ్ళు. లిస్ప్ కుటుంబానికే చెందిన క్లోజర్‌ను రిచ్ హికీ 2007లో బయటపెట్టారు. బ్రౌజర్లో నడిచే క్లోజర్‌స్క్రిప్ట్ 2011లో వచ్చింది. ఆ తర్వాత బ్రూస్ హౌమన్ రాసిన ఫిగ్‌వీల్ అనే టూల్, సేవ్ చేయగానే బ్రౌజర్లో కోడ్ మార్చేయడాన్ని మామూలు అలవాటుగా మార్చింది. ఇప్పుడు యాప్‌లు రాసే ఫ్లట్టర్‌లో ఇదే పని చేసే హాట్ రీలోడ్ ఉంది, ఆపిల్ 2019లో తెచ్చిన స్విఫ్ట్‌యూఐలో ప్రివ్యూ ఉంది. మేము వాడింది క్లోజర్‌స్క్రిప్ట్ కోడ్‌ను బ్రౌజర్‌కి అందించే షాడో సీఎల్‌జేఎస్ అనే టూల్. తెరలు గీయడానికి రీజెంట్ అనే లైబ్రరీ, ఆ రీజెంట్ కింద రియాక్ట్.

ఫ్లట్టర్ ఎందుకు కాదని తిరుపతిలో తోటి డెవలపర్లు అడుగుతుంటారు. ఫ్లట్టర్ హాట్ రీలోడ్ బాగా పనిచేస్తుంది, దాన్ని తక్కువ చేయడం లేదు. అయితే మొదలయ్యేటప్పుడు ఒక్కసారే నడిచే మెయిన్ ఫంక్షన్‌లోనో, ఇనిట్‌స్టేట్‌లోనో, స్టాటిక్ విలువల్లోనో మార్పు చేస్తే అది రీలోడ్‌తో కనబడదు. రీస్టార్ట్ కొట్టాలి, కొడితే అప్పటిదాకా ఉన్న స్టేట్, అంటే యాప్ గుర్తుపెట్టుకున్న సంగతులు, పోతుంది. మాకు రీలోడ్ ఒక్కటే సరిపోదు కూడా. నడుస్తున్న యాప్‌లోకి ఎడిటర్ నుంచి ఒక వాక్యం పంపి, జవాబు అక్కడే చూడాలి. ఆ పని చేసేది రెప్ల్. సేవ్ చేస్తే తెర మారడం సగం సౌకర్యం. ‘నంబరు 47 వాళ్ళు ఇదే పూట రెండోసారి పోశారు’ అని ఎడిటర్ నుంచి యాప్‌కి చెప్పగానే కేంద్రంలోని టాబ్‌లో (టాబ్లెట్‌లో) హెచ్చరిక రావడం మిగతా సగం.

తెర వేరు, స్టేట్ వేరు

అన్నింటికీ పునాది ఇదే. యాప్‌కి తెలిసిన సంగతులన్నీ ఒకే చోట, ఒకే ఆటమ్‌లో (మారే విలువను దాచుకునే పెట్టెలాంటిది) ఉంటాయి: ఏ పూట, ఎవరి నంబరు కొట్టారు, ఫ్యాట్‌లో ఎన్ని అంకెలు పడ్డాయి, సర్వర్‌కి పంపాల్సిన ఎంట్రీలు ఎన్ని. తెర ఆ సంగతులను చదివి బొమ్మ గీస్తుంది, అంతే. తనంతట తాను ఏదీ గుర్తుపెట్టుకోదు. ఆ ఆటమ్‌ను ఒక్కసారే విలువ ఇచ్చే డెఫ్‌వన్స్‌తో ప్రకటిస్తాం కాబట్టి ఫైలు ఎన్నిసార్లు రీలోడ్ అయినా అందులోని విలువలు చెక్కుచెదరవు.

దీనివల్ల ఏమొస్తుందో ఒక ఉదాహరణ. బిల్లు స్క్రీన్‌కి చేరాలంటే లాగిన్ అవ్వాలి, పూట ఎంచుకోవాలి, సభ్యుడి నంబరు కొట్టాలి, తేదీలు ఇవ్వాలి. బిల్లులో ఒక గీత మందం మార్చిన ప్రతిసారీ ఈ మెట్లన్నీ ఎక్కాల్సివస్తే, నాలుగోసారికి ‘ఇది చాల్లే’ అనిపిస్తుంది. నాసిరకం స్క్రీన్లు చాలావరకు అలాగే పుడతాయని నా నమ్మకం. స్టేట్ నిలిచి ఉంటే గీత మారుతుంది, మనం ఉన్నచోటే ఉంటాం.

ఇక్కడే జాగ్రత్తపడాల్సిన విషయం ఒకటుంది. రీజెంట్‌లో ఒక కాంపోనెంట్ (తెరలో ఒక భాగాన్ని గీసే ముక్క) లోపలే చిన్న ఆటమ్ పెట్టుకోవచ్చు. రాయడానికి సుఖంగా ఉంటుంది. కానీ ఫైలు రీలోడ్ కాగానే ఆ కాంపోనెంట్ కొత్తగా పుడుతుంది, లోపలున్నది పోతుంది. సగం కొట్టిన ఫ్యాట్ అంకె కూడా అలాగే మాయమవుతుంది. అందుకే సగం కొట్టిన అంకెతో సహా అన్నీ పెద్ద ఆటమ్‌లోనే పెట్టాలని టీమ్‌లో నియమం పెట్టుకున్నాం. ఆఫీసులో ఇది మరీ చాదస్తంగా అనిపించవచ్చు. కేంద్రంలో మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది.

టాబ్‌ను ల్యాప్‌టాప్‌కి కట్టడం

ప్రివ్యూను ల్యాప్‌టాప్ బ్రౌజర్లో చూసి తృప్తిపడితే ఈ పనికి సరిపోదు. కేంద్రంలో ఉన్నది తక్కువ ధర ఆండ్రాయిడ్ టాబ్. కిటికీ పక్కన ఎండ పడుతుంది, చేతులు తడిగా ఉంటాయి. మార్పు ఆ టాబ్‌లోనే కనబడాలి.

వైఫై మీదుగా ల్యాప్‌టాప్ ఐపీ అడ్రసు కొడితే పేజీ తెరుచుకుంటుంది. కానీ క్రోమ్ దాన్ని సురక్షితమైన చోటుగా లెక్కించదు. దాంతో సర్వీస్ వర్కర్ నడవదు, బ్లూటూత్ ప్రింటర్‌తో మాట్లాడే దారి మూసుకుపోతుంది. అంటే నెట్ లేనప్పటి పని, స్లిప్ ప్రింటు రెండూ పరీక్షించలేం. యూఎస్‌బీ కేబుల్ తగిలించి, ఏడీబీ రివర్స్ అనే కమాండ్‌తో ల్యాప్‌టాప్ పోర్టును టాబ్‌లోకి మళ్ళిస్తే టాబ్ దృష్టిలో అది లోకల్‌హోస్ట్, అంటే తనలోనే ఉన్న సురక్షితమైన చోటు. అప్పుడు అన్నీ నడుస్తాయి. ఒక పోర్టు మాత్రమే మళ్ళిస్తే పేజీ వస్తుంది గానీ, సేవ్ చేసినా తెర మారదు. ఎందుకంటే కొత్త కోడ్ వచ్చే దారి వేరు. షాడో సర్వర్ మామూలుగా 9630 పోర్టు మీద ఉంటుంది, దాన్ని కూడా మళ్ళించాలి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చాలామంది ఇక్కడ ఆగిపోయి, టూలే పనిచేయడం లేదనుకుంటారు.

పాలు పోసే వేళలో ఈ కేబుల్ తగిలించకూడదు. క్యూలో క్యాన్లు పట్టుకుని నిలబడ్డవాళ్ళ ముందు ప్రయోగాలు చేయడం మర్యాద కాదు, పైగా అది వాళ్ళ డబ్బు లెక్క. పోత అయిపోయి, క్యాన్లు వ్యాను ఎక్కాక కూర్చునేవాళ్ళం. టాబ్ కూడా వేరే. అసలు టాబ్‌ను ముట్టుకోలేదు. అందులోని ఎంట్రీలను పేర్లు, బ్యాంకు వివరాలు తీసేసి మా టాబ్‌లోకి తెచ్చుకున్నాం.

నాలుగు రెండు

ఫ్యాట్ ఎక్కించే స్క్రీన్ మొదట అందరూ చేసేట్టే ఉండేది: అంకెలు, పక్కన చుక్క బటన్. మెషీన్ చూసే అబ్బాయి ‘నాలుగు రెండు, ఎనిమిదిన్నర’ అని అరుస్తాడు. టాబ్ దగ్గరున్న అక్క 4.2, 8.5 కొట్టాలి. ఆమె కొట్టింది 42, 85. యాప్ తప్పు అంది. ఆమె మా వైపు తిరిగి, “ఈ చుక్క ఎవురు నొక్కతారు నైనా? నాలుగు రెండు అంటే నాలుగు రెండే గదా!” అంది.

ఆమె మాట ముమ్మాటికీ సరైనది. పిలిచేవాళ్ళ నోట్లో చుక్క లేదు, వినేవాళ్ళ చెవిలో చుక్క లేదు, మధ్యలో యాప్ ఒక్కటే చుక్క కావాలంటోంది. అక్కడే కూర్చుని కోడ్ మార్చాం. అంకెలు కుడినుంచి జరుగుతూ వస్తాయి, చివరి అంకె ఎప్పుడూ దశాంశం. 4 కొట్టి 2 కొడితే 4.2. సేవ్ చేశాం, ఆమె చేతిలో టాబ్ మారింది. ఆమె 4 నొక్కగానే తెరమీద 0.4 అని పడింది. ఆమె వేలు ఆగిపోయింది. “సున్నా వచ్చిందేంది?” అని టాబ్ మాకు చూపించింది. రెండో అంకె నొక్కితే సరైపోతుందని మేము చెప్పొచ్చు, నేర్పించొచ్చు. కానీ క్యూలో ముప్ఫైమంది ఉన్నప్పుడు ఆ అర సెకను అనుమానం ప్రతి మనిషికీ వస్తుంది. కాబట్టి మొదటి అంకె పడ్డాక 4 అని చూపించి, చుక్క పక్కన ఖాళీ గడిని లేతగా వెలిగించాం. రెండో అంకె పడగానే గడి నిండుతుంది. గేదె పాలకు ఒక్కోసారి పది దాటుతుంది కదా అని 1, 0, 2 కొట్టి చూశాం. 1 పక్కన ఖాళీ, తర్వాత 1.0, తర్వాత 10.2. ఆమె మళ్ళీ మాట్లాడకుండా వరసగా పది ఎంట్రీలు కొట్టింది. అది చాలు, స్క్రీన్ కుదిరిందని తెలియడానికి.

ఈ మార్పులు జరుగుతున్నంతసేపూ ఆమె కొట్టిన సభ్యుడి నంబరు, లీటర్లు, సగం అంకె తెరమీద అలాగే ఉన్నాయి. ఒక్కసారైనా యాప్ మొదటికి వెళ్ళి ఉంటే ఆమె దృష్టి అంకెల మీదనుంచి యాప్ మీదకి మళ్ళేది. ‘మీరే చేసుకురాండి, మళ్ళా చూస్తా’ అనేది. వారం తర్వాత మేము ఇంకో స్క్రీన్ పట్టుకుని వెళ్ళేవాళ్ళం, ఆ సున్నా సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదు.

ఇంకో సంగతి కూడా అలాగే బయటపడింది. ఎస్ఎన్ఎఫ్ తక్కువ వస్తే ఎంట్రీ మొత్తం ఎర్రగా అయ్యేట్టు పెట్టాం. టాబ్ క్యూ వైపు తిరిగి ఉంటుంది. ఎర్రరంగు చూసి అక్క వెంటనే తీసేయమంది: “నలుగురి ముందర ఎర్రగా చూపిస్తే నీళ్ళు కలిపిందంటారు.” మేతలో తేడా, ఎండలు, ఇలా ఎస్ఎన్ఎఫ్ తగ్గడానికి కారణాలు చాలా ఉన్నాయి. ఎర్రరంగు తీసి, అంకె పక్కన చిన్న బాణం గుర్తు పెట్టాం. దగ్గరగా చూసేవాళ్ళకే అర్థమవుతుంది. ఆఫీసులో కూర్చుని రంగులు ఎంచినప్పుడు ఆ టాబ్ ఎవరివైపు తిరిగి ఉంటుందో మాకు తట్టదు.

లెక్క మారితే రేటు మారుతుంది

అన్ని కేంద్రాల్లో పాలను పరీక్షించే అనలైజర్ మెషీన్ ఉండదు. పాల సాంద్రత కొలిచే లాక్టోమీటర్‌తో సీఎల్ఆర్ (ఉష్ణోగ్రతకు సరిచేసిన రీడింగ్) చూసి ఎస్ఎన్ఎఫ్ లెక్కకట్టే చోట్లున్నాయి. సీఎల్ఆర్‌ను నాలుగుతో భాగించి, ఫ్యాట్‌లో కొంత భాగం, ఒక స్థిర సంఖ్య కలుపుతారు. లాక్టోమీటర్‌ను ఏ ఉష్ణోగ్రతకు తయారుచేశారో దాన్నిబట్టి ఆ సంఖ్యలు మారతాయి. వాడుకలో ఉన్న ఒక సూత్రంలో ఫ్యాట్‌ను 0.2తో హెచ్చించి 0.14 కలుపుతారు. ఇంకో దాంట్లో 0.25తో హెచ్చించి 0.44 కలుపుతారు.

రెప్ల్‌లో రెండింటికీ సీఎల్ఆర్ 28, ఫ్యాట్ 4.0 ఇచ్చి చూశాం. మొదటిదానికి 7.94, రెండోదానికి 8.44. ఆవుపాలకు ఆహార భద్రతా ప్రమాణం కనీసం ఫ్యాట్ 3.2, ఎస్ఎన్ఎఫ్ 8.3 శాతం. అవే పాలు, అదే రీడింగ్. ఒక సూత్రంలో ప్రమాణం కింద, ఇంకో దాంట్లో పైన. అది పాలు పోసిన మనిషి చేతికి వచ్చే డబ్బు. ఈ తేడాను డెయిరీ సూపర్‌వైజర్‌కి మాటల్లో చెబితే తలూపి వదిలేసేవారేమో. మేము సూత్రం మార్చి ఆ ఒక్క ఫంక్షన్‌ను యాప్‌లోకి పంపగానే, ఆయన కళ్ళముందే రేటు చార్టులో గళ్ళ విలువలు మారాయి. ఆయన తమ లాక్టోమీటర్ పెట్టె తెప్పించి, దానిమీద ఉన్న ఉష్ణోగ్రత చదివి, ఏ సూత్రం వాడాలో తేల్చి కాగితం మీద రాసిచ్చారు. లైవ్ ప్రివ్యూ అంటే రంగులు, మార్జిన్లే గుర్తొస్తాయి. నా లెక్కలో ఈ రేటు చార్టు వాటన్నింటికంటే ముఖ్యమైన ప్రివ్యూ.

తెలుగు అక్షరాలు, స్లిప్

పేర్లు తెలుగులోనే కావాలన్నారు. ఈ వైపు సుబ్రహ్మణ్యం, మునికృష్ణ, లక్ష్మమ్మ లేని ఊరు ఉండదు. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంతే ఉంటే క్ష్మ కింద మ వత్తు తెగిపోతుంది, ష్ణ కింది భాగం తర్వాతి వరసను తాకుతుంది. ఎడం ఎంత పెంచాలో పుస్తకం చూసి చెప్పలేం. వత్తులున్న పేర్లన్నీ ఒకచోట పెట్టి, ఎడిటర్లో అంకె మారుస్తూ టాబ్ చూస్తూ పోయాం. పెంచేకొద్దీ తెరమీద పట్టే వరసలు తగ్గుతాయి. రెండూ కలిసి కనబడితేనే ఎక్కడ ఆగాలో తెలుస్తుంది.

స్లిప్ దగ్గర కష్టం ఇంకో రకం. 58 మిల్లీమీటర్ల థర్మల్ ప్రింటర్లలో మామూలుగా తెలుగు అక్షరాలు ఉండవు. కాబట్టి స్లిప్‌ను బొమ్మగా గీసి పంపాలి. ప్రింటర్ వరసకి 384 చుక్కలు వేస్తుంది. స్లిప్‌ను కూడా తెరలాగే స్టేట్‌ను చదివి గీసే ఫంక్షన్‌గా రాశాం. అదే బొమ్మ ప్రివ్యూలో 384 చుక్కల వెడల్పుతో, నలుపు తెలుపులో, కనబడుతుంది. కాగితం వృథా కాలేదు. అయితే సన్నగీతలు తెరమీద ఉన్నంత బాగా కాగితం మీద పడవు. చివరిగా ప్రింటు తీసి, కళ్ళజోడు లేకుండా చదవగలరా అని పెద్దవాళ్ళ చేతికిచ్చి చూడాల్సిందే. మొత్తం రూపాయల అంకెను రెండింతలు చేయమన్నది పాలు పోసే ఒక పెద్దాయన.

కష్టమైన స్థితులన్నీ ఒక పేజీలో

ప్రివ్యూలో అంతా సవ్యంగా ఉన్న స్క్రీనే చూస్తూ ఉంటే అది మనల్ని మోసం చేస్తుంది. డెవ్‌కార్డ్స్ అనే టూల్ నేర్పిన పద్ధతిలో, డెవలపర్లకు మాత్రమే కనిపించే ఒక పొడవాటి పేజీ పెట్టుకున్నాం. ఒక్కో కార్డులో ఒక్కో స్థితి: ఆ పూట ఇంకా ఎవరూ పోయలేదు, నెట్ లేదు, ఫ్యాట్ 0.0 వచ్చింది, అదే మనిషి రెండుసార్లు పోశారు, పేరు మరీ పొడవు, సాయంత్రం పూట పొరపాటున పొద్దుటి పూట తెరిచి ఉంది. ఒక్కో కార్డు వెనక ఉన్నది చిన్న డేటా ముక్క, అంతే. కోడ్ సేవ్ చేయగానే అన్ని కార్డులూ ఒకేసారి మారతాయి. ఒక దాన్ని బాగుచేయబోయి ఇంకో దాన్ని చెడగొడితే అక్కడే కనబడుతుంది.

క్లోజర్ డేటాను ఉన్నదున్నట్టు టెక్స్టుగా రాసి, తిరిగి చదవొచ్చు. అందుకని టాబ్‌లో ‘స్థితి పంపు’ అనే బటన్ పెట్టాం. తెల్లవారుజామున కేంద్రంలో ఏదైనా ఇరుక్కుపోతే అక్క ఆ బటన్ నొక్కుతుంది. పేర్లు, ఖాతా నంబర్లు తీసేసిన స్టేట్ తిరుపతిలో మాకు చేరుతుంది. దాన్ని మా ఆటమ్‌లో పెడితే ఆమె చూస్తున్న తెరే మా ముందు ఉంటుంది. ‘ఏం నొక్కారక్కా, దానికి ముందు ఏం నొక్కారు’ అని ఫోన్లో విసిగించే పని లేదు. బాగుచేశాక ఆ స్టేట్ ఒక కొత్త కార్డుగా పేజీలో ఉండిపోతుంది.

ఎక్కడ పనికిరాదు

రీలోడ్ వల్ల వచ్చే చిక్కులు కూడా ఉన్నాయి. పంపాల్సిన ఎంట్రీలను సర్వర్‌కి తోసే టైమర్ ఒకటి ఉంది. ఫైలు రీలోడైన ప్రతిసారీ పాతది ఆగకుండా కొత్తది మొదలైతే, కాసేపటికి పది టైమర్లు కలిసి ఒకే ఎంట్రీని పంపుతుంటాయి. రీలోడ్‌కి ముందు తనంతట తాను నడిచే ఫంక్షన్‌లో (హుక్) టైమర్ ఆపి, తర్వాతి హుక్‌లో మళ్ళీ మొదలుపెట్టాలి. బ్లూటూత్ కనెక్షన్‌కీ ఇంతే. దీంతోపాటు ప్రతి ఎంట్రీకి టాబ్‌లోనే ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చాం. రెండుసార్లు చేరినా సర్వర్ ఒకటే ఉంచుకుంటుంది. కేంద్రంలో నెట్ తెగి అతుక్కున్నప్పుడు కూడా ఇదే కాపాడుతుంది.

స్టేట్ ఆకారం మార్చినప్పుడు ఇంకో చిక్కు. కోడ్ కొత్తది, ఆటమ్‌లో ఉన్నది పాత ఆకారం. తెర ఖాళీ అవుతుంది, కోడ్ తప్పేమోనని వెతుకుతాం. రీలోడ్ తర్వాత ప్రతిసారీ స్టేట్‌ను స్పెక్‌తో (డేటా ఏ ఆకారంలో ఉండాలో చెప్పే వివరణతో) సరిచూసి, పొసగకపోతే ఏ భాగం పొసగలేదో తెర పైభాగంలో చెప్పేట్టు పెట్టాం. ఆ వరస కనిపిస్తే ఒక కార్డు నుంచి తాజా స్టేట్ ఎక్కించుకుంటాం.

అన్నింటికంటే ముఖ్యంగా, ప్రివ్యూలో చూసింది కేంద్రానికి వెళ్ళే బిల్డ్ కాదు. రిలీజ్‌కి కోడ్‌ను గట్టిగా కుదించేటప్పుడు పేర్లు మారిపోతాయి. బ్రౌజర్ ఫంక్షన్ల పేర్లను కదపకూడదని కోడ్‌లో గుర్తుపెట్టకపోతే ప్రివ్యూలో చక్కగా ప్రింటైన స్లిప్ రిలీజ్‌లో రాదు. వేగం కూడా వేరుగా ఉంటుంది. అందుకే ప్రతి రిలీజ్‌కి ముందు కేబుల్ తీసేసి, నెట్ ఆపేసి, అదే రకం చౌక టాబ్‌లో ఒక పూట ఎంట్రీలన్నీ చేత్తో కొట్టి, స్లిప్పులు ప్రింటు తీసి, మొత్తాన్ని రిజిస్టరుతో సరిపోల్చుకున్నాకే కేంద్రానికి పంపుతున్నాం.